సార్ మాట కాదనలేను, కోడ్ల పని వదల్లేను

ఒంగోలు నుంచి ఒక డాక్టరమ్మ రాశారు. పేరు, ఆసుపత్రి పేరు బయటపెట్టవద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి ముఖ్యమైన విషయాలు మాత్రం ఇక్కడ ఇస్తున్నాం.

ఆమె వయసు 36. ఓ ప్రైవేటు ఆసుపత్రి క్యాజువాలిటీలో ఎమర్జెన్సీ డాక్టరు. హైవే ప్రమాదాలు, చీమకుర్తి క్వారీల్లో రాయి పడి నలిగిన కాళ్లు, పాముకాట్లు, పురుగుమందు తాగినవాళ్లు, గుండెనొప్పులు, ఏ కేసైనా ముందు చూసేది ఆమే. ఇన్నాళ్లూ కేస్ షీట్ మీద 'ఆర్‌టీఏ' (రోడ్డు ప్రమాదం), 'పాయిజనింగ్', 'ఫీవర్' అని రాస్తే సరిపోయేది. బీమా ఉన్న కేసులకు ఇన్సూరెన్స్ డెస్క్‌లోని కుర్రాడు ఏదో ఒక కోడ్ వేసి పంపేవాడు. ఇప్పుడు ఆసుపత్రి కొత్త సాఫ్ట్‌వేర్ పెడుతోంది. రెండు నెలల్లో ప్రతి కేసుకూ ఐసీడీ-10, అంటే జబ్బులకూ గాయాలకూ కోడ్లిచ్చే అంతర్జాతీయ పట్టిక ప్రకారం, డయాగ్నసిస్ కోడ్ పడాలి. పడకపోతే బిల్లు ముందుకు కదలదు. ఆ తర్వాత ఐసీడీ-11కు మారతామని కూడా అంటున్నారు. క్యాజువాలిటీ డాక్టర్లందరినీ దీనికి సిద్ధం చేసే బాధ్యత యాజమాన్యం ఈమెకు అప్పగించింది. జీతం పెంచలేదు, డ్యూటీలు తగ్గించలేదు.

ఆమెకు పని నేర్పిన పెద్ద డాక్టరే ఆ విభాగానికి హెడ్. మీటింగ్‌లో అందరి ముందూ ఆయన, "నేను పేషెంట్‌ను చూడ్డానికి వచ్చాను, గుమాస్తా పనికి కాదు. నువ్వు కూడా వాళ్ల మనిషివైపోయావా అమ్మాయ్" అన్నారట. ఆ రోజు నుంచి సార్‌కు ఎదురుపడలేకపోతున్నానని ఆమె బాధ. రాత్రి డ్యూటీ చేసే ఇద్దరు కుర్ర డాక్టర్లు పీజీ ఎంట్రన్స్ చదువులో ఉన్నారు. "లిస్టులో మొదట ఏది కనిపిస్తే అది నొక్కేస్తాం మేడమ్" అని ముందే చెప్పేశారు. చెన్నైలో మెడికల్ కోడింగ్ కంపెనీలో పనిచేసే మరదలు, "డెబ్బై వేల కోడ్లు వదినా, మాకే ఏళ్లు పడుతుంది, రెండు నెలల్లో డాక్టర్లకు ఏం నేర్పిస్తారు" అంది. దాంతో నిద్ర కూడా పట్టడం లేదట.

ఇవి చాలవన్నట్టు రెండు సంఘటనలు జరిగాయి. ఛాతీనొప్పితో వచ్చిన ఒక పెద్దాయనకు ఈసీజీ, ట్రోపోనిన్ (గుండె దెబ్బతిన్నదీ లేనిదీ చెప్పే రక్తపరీక్ష) మామూలుగానే వస్తే ఆమె 'ఛాతీనొప్పి' అనే రాశారు. డెస్క్ నుంచి ఫోన్ వచ్చింది: "ఆ కోడ్ వేస్తే క్లెయిమ్ రాదు మేడమ్, హార్ట్ ఎటాక్ అని మార్చండి." ఇంకోసారి, పురుగుమందు తాగిన ఓ యువరైతు తండ్రి చేతులు పట్టుకుని, "పొరపాటున తాగాడని రాయండమ్మా" అని బతిమాలాడు. ఇదివరకు 'పాయిజనింగ్' అని ఒక్క ముక్క రాసి ఊరుకునేవారు. కొత్త సాఫ్ట్‌వేర్ మాత్రం కావాలని తాగాడా, పొరపాటున తాగాడా అని అడుగుతుందట.

భర్త ఉద్యోగం మానేయమంటున్నారు, నెల్లూరులోనో చెన్నైలోనో చూసుకుందాం అంటున్నారు. పిల్లలు అత్తగారి దగ్గర అలవాటుపడ్డారు, ఇల్లు కదిలించడం తేలిక కాదు. "ఈ పని వద్దని చెప్పేయనా? ఒప్పుకుని సార్‌కు దూరమవనా? అన్నీ వదిలేసి వెళ్లిపోనా?" అని ఆమె అడిగారు.

సమాధానం:

అమ్మా,

మీ ఉత్తరంలో కనిపించే భయాల్లో అన్నిటికంటే పెద్దది అక్కర్లేనిది. ముందు దాన్ని తీసేద్దాం.

మీ మరదలు చెప్పింది అబద్ధం కాదు. కానీ ఆ అమ్మాయి చేసేది అమెరికా ఆసుపత్రుల బిల్లుల పని. అమెరికా వాళ్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10ను తీసుకుని, తమ అవసరాలకు తగ్గట్టు విడదీసి, ఐసీడీ-10-సీఎం అని సొంతంగా ఒకటి తయారుచేసుకున్నారు. దాదాపు 70 వేల కోడ్లు ఉన్నది అందులో. మూలం ప్రపంచ ఆరోగ్య సంస్థది. 1990లో ప్రపంచ ఆరోగ్య సభ ఆమోదం పొందింది, 1994 నుంచి దేశాలు వాడుతున్నాయి. అది అంతకంటే ఎంతో చిన్నది. తేడా తెలియాలంటే ఒక్క ఉదాహరణ చాలు. తుంటి దగ్గర తొడ ఎముక మెడభాగం విరిగితే మూలంలో ఎస్72.0 అని రాస్తే అయిపోతుంది. అమెరికా పద్ధతిలో ఎస్72.001ఏ అని రాయాలి. కుడి కాలు, ఎముక బయటికి రాని ఫ్రాక్చర్, చికిత్స ఇప్పుడే మొదలైంది అనేవన్నీ ఆ అంకెల్లో, చివరి అక్షరంలో ఇమిడి ఉంటాయి. మన బీమా కంపెనీల క్లెయిమ్ ఫారంలో ఆసుపత్రి నింపే భాగం ఐసీడీ-10 కోడ్ అడుగుతుంది కానీ, మీ డాక్టర్లు అమెరికా కోడర్లు కావాలని ఎవరూ అడగడం లేదు.

అందుకే క్లాసు పెట్టకముందే, ఒక్క స్లయిడ్ కూడా తయారుచేయకముందే, సాఫ్ట్‌వేర్‌లో పెడుతున్నది ఏ ఐసీడీ-10 అని యాజమాన్యాన్ని రాతపూర్వకంగా అడగండి. ప్రపంచ ఆరోగ్య సంస్థదా, అమెరికాదా? కంపెనీలు అమెరికా కోసం తయారుచేసిన సాఫ్ట్‌వేర్‌నే ఇక్కడా అమ్మితే మీ డాక్టర్లు కుడి ఎడమల దగ్గరా చివరి అక్షరాల దగ్గరా రాత్రంతా కొట్టుకుంటారు. దీనికి జవాబు వచ్చేదాకా మీరు ఏం నేర్పినా అది తప్పు పుస్తకం నుంచి నేర్పినట్టయ్యే ప్రమాదం ఉంది.

అమెరికా సంగతి వచ్చింది కాబట్టి మీకు పనికొచ్చే విషయం ఒకటి చెబుతాను. వాళ్లు పాత ఐసీడీ-9 నుంచి మారింది 2015 అక్టోబరు 1న. అంతకుముందు వాళ్ల దగ్గర ఉన్నవి సుమారు 14 వేల కోడ్లు. మొదట పెట్టుకున్న గడువు 2013 అక్టోబరు. అది 2014కు, మళ్లీ 2015కు జరిగింది. అంత డబ్బు, అంతమంది కోడర్లు ఉన్న దేశంలోనే డాక్టర్లు సిద్ధంగా లేమని గోల పెట్టారు, గడువు రెండుసార్లు కదిలింది. మారాక కూడా మొదటి 12 నెలలు అక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్ ఒక వెసులుబాటు ఇచ్చింది. కోడ్ సరైన కుటుంబంలో ఉంటే చాలు, మరీ సూక్ష్మంగా లేదన్న ఒక్క కారణంతో డాక్టర్ల క్లెయిమ్‌లు తిరగ్గొట్టబోమని చెప్పింది. మీకు రెండు నెలల గడువిచ్చిన యాజమాన్యానికి ఇది తెలియాలి. మొదటి కొన్ని నెలలు ఆసుపత్రి లోపల అలాంటి వెసులుబాటు కావాలని మీరు అడిగితే అది గొంతెమ్మ కోరిక కాదు.

అక్కడ చాలా ఎమర్జెన్సీ విభాగాల్లో కోడ్ వేసేది డాక్టరు కాదు, కోడరు. డాక్టరు రాసింది చదివి వేస్తాడు. కాబట్టి ఎమర్జెన్సీ డాక్టర్లను సిద్ధం చేయడమంటే కోడ్లు బట్టీ పట్టించడం కాదు. చూసింది చూసినట్టు, ఒక వాక్యంలో, సరిపడా వివరంగా రాయడం అలవాటు చేయడం. మీరు చేయాల్సిన పని కూడా అంతే. మీ డాక్టర్లకు తెలియనిది నేర్పక్కర్లేదు. వాళ్లు ఇప్పటికే చూస్తున్నారు, అడుగుతున్నారు, మనసులో పెట్టుకుంటున్నారు. కాగితం మీదికి వచ్చేసరికి మాత్రం 'ఆర్‌టీఏ' అని మూడక్షరాలు రాస్తున్నారు.

కేస్ షీట్లు చదివే పని చాలాకాలం చేసినదాన్ని కాబట్టి చెబుతున్నాను. 'ఆర్‌టీఏ' నుంచి ఎంత అనుభవమున్న కోడరైనా ఏమీ లాగలేడు. "బైకు నడుపుతున్నాడు, వెనక నుంచి లారీ ఢీకొంది, ఎడమ తొడ ఎముక మెడ విరిగింది, చర్మం చీలలేదు, స్పృహ పోలేదు" అని రాస్తే గాయం కోడ్, ప్రమాదం కోడ్ రెండూ అందులోనే దొరుకుతాయి. రాయడానికి అర నిమిషం. ఆ అర నిమిషం రాత్రి రెండు గంటలకు ఎంత కష్టమో మీకు చెప్పక్కర్లేదు. అయినా ఆ వాక్యం కోడ్ కోసం మాత్రమే కాదు. పొద్దున వచ్చే ఆర్థోపెడిక్ డాక్టరుకూ, మూడేళ్ల తర్వాత కోర్టులో సాక్ష్యం చెప్పాల్సివస్తే మీ కుర్ర డాక్టరుకూ అదే ఆధారం.

పురుగుమందు కేసులు చూడండి. మోనోక్రోటోఫాస్ లాంటి ఆర్గానోఫాస్ఫేట్ మందు తాగితే టీ60.0, పారాక్వాట్ గడ్డిమందు తాగితే టీ60.3. చికిత్సలో ఈ రెండింటికీ ఎంత దూరమో మీకు నాకంటే బాగా తెలుసు. మొదటిదానికి అట్రోపిన్ ఉంది. రెండోదానికి విరుగుడు లేదు, ఊరికే ఆక్సిజన్ పెట్టడానికి కూడా ఆలోచించాలి. రిజిస్టర్‌లో రెండూ 'పాయిజనింగ్' అయినప్పుడు, ఏడాదికి ఎంత అట్రోపిన్ కావాలో మీ ఫార్మసీ ఏ లెక్కతో తెప్పిస్తుంది? ఏ మండలం నుంచి ఏ మందు తాగి ఎక్కువమంది వస్తున్నారో ఎవరికైనా ఎలా తెలుస్తుంది?

పాముకాటుకు మూలం ఐసీడీ-10లో అన్ని పాములకూ కలిపి టీ63.0 ఒక్కటే. కాబట్టి రక్తపింజరా, కట్లపామా, నాగుపామా, విషం ఎక్కిన లక్షణాలున్నాయా లేవా అన్నది వాక్యంలో మిగలాలి, కోడ్‌లో మిగలదు. కేంద్ర ప్రభుత్వం 2024లో పాముకాటుపై జాతీయ కార్యాచరణ ప్రణాళిక విడుదల చేసింది. 2030 నాటికి పాముకాటు మరణాలను సగానికి తగ్గించాలన్నది దాని లక్ష్యం. లెక్కే లేని చోట సగం ఎలా తెలుస్తుంది? ప్రకాశం జిల్లాలో పొలానికి నీళ్లు పెట్టడానికి రాత్రిపూట వెళ్లి కాటు తిన్న మనిషి ఏ లెక్కలోకీ రాకుండా పోవడం నాకు చాలా బాధగా ఉంటుంది. అతన్ని లెక్కలోకి తెచ్చేది మీ క్యాజువాలిటీలో ఆ అర నిమిషమే.

ఎలా నేర్పాలో మీరడగలేదు కానీ, మీ భయంలో అది కూడా ఉంది. గత రెండు మూడు నెలల క్యాజువాలిటీ రిజిస్టర్ ముందు పెట్టుకోండి. మళ్లీ మళ్లీ వచ్చేవి ముప్పై నలభైకి మించవు. వాటికి ఒక్క కాగితం చేయండి. ఒకవైపు జబ్బు లేదా గాయం, రెండోవైపు ఏ వివరాలు రాయాలో. కోడ్లు కనిపించకపోయినా ఫరవాలేదు. షిఫ్ట్ మారే సమయంలో ఇరవై నిమిషాలు, మీ ఆసుపత్రి కేస్ షీట్లే పేర్లు మూసిపెట్టి ఇద్దరు ముగ్గురితో కూర్చుని చదవండి. ఆదివారం హాల్లో ప్రొజెక్టర్ పెట్టి నాలుగు గంటలు చెప్పేదానికంటే ఇది ఎక్కువ నిలుస్తుంది. మొదటిది కనిపించగానే నొక్కేస్తామన్న పిల్లలను తిట్టి లాభం లేదు. అలసిన మనిషి ఎవరైనా అదే చేస్తాడు. సాఫ్ట్‌వేర్ వాళ్లతో మాట్లాడి లిస్టులో ముందే ఏదీ ఎంచి ఉండకుండా, వివరం లేని కోడ్లు అడుగున ఉండేలా చేయించండి. మీ ముప్పై నలభై మాత్రం పైన కనిపించాలి.

ఇక ఛాతీనొప్పి పెద్దాయన సంగతి. ఈ విషయంలో ఎమర్జెన్సీ డాక్టర్లు భయపడాల్సిన పనే లేదు, ఎందుకంటే ఐసీడీ-10 మీ పక్షానే ఉంది. అందులో ఆర్ అక్షరంతో మొదలయ్యే అధ్యాయం మొత్తం లక్షణాలకే. ఛాతీనొప్పి ఆర్07.4, స్పృహ తప్పడం ఆర్55, కారణం తేలని జ్వరం ఆర్50.9. చికిత్స ముగిసేనాటికి జబ్బు తేలకపోతే, అనుమానాన్ని జబ్బుగా రాయకుండా లక్షణాన్నే రాయమని ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమాలే చెబుతున్నాయి. క్యాజువాలిటీలో సగం పని ప్రాణాంతకమైనది కాదని తేల్చడమే. అది చేసి 'ఛాతీనొప్పి' అని రాసిన మీ డయాగ్నసిస్ పూర్తి డయాగ్నసిసే.

డెస్క్ వాళ్లు చెప్పినట్టు గుండెపోటు అని మార్చితే ఏమవుతుందో ఆలోచించండి. క్లెయిమ్ బహుశా వస్తుంది. ఆ పెద్దాయన మాత్రం జీవితాంతం గుండెపోటు వచ్చిన మనిషిగా మిగిలిపోతారు. రేపు ఇంకో ఆసుపత్రిలో ఆ కాగితం చూసి రక్తం పలచబరిచే మందులు మొదలుపెట్టొచ్చు. పాలసీ మార్చుకోబోతే పాతజబ్బు అని పక్కన పెట్టొచ్చు. ఎవరైనా ఆడిట్ చేసి ఈసీజీ, ట్రోపోనిన్ చూస్తే తప్పుడు క్లెయిమ్ కింద సంతకం మీదే ఉంటుంది, ఫోన్ చేసిన కుర్రాడిది ఉండదు. ఇందులో నేను మీకు రెండు దారులు చూపించలేను, మార్చకూడదు అంతే. కానీ 'ఛాతీనొప్పి' అన్న ఒక్క మాటతో ఆపకండి. గుండెపోటు అనుమానంతో ఎన్ని గంటలు పరిశీలనలో ఉంచారు, ఈసీజీ ఎన్నిసార్లు తీశారు, ట్రోపోనిన్ ఏ గంటకు చేశారు, ఆయనకు షుగర్, బీపీ ఉన్నాయా, ఇంటికి పంపడం ఎందుకు ప్రమాదమనుకున్నారు, ఇవన్నీ రాయండి. పరీక్షల కోసమే చేర్చుకున్నారంటే డబ్బు ఇవ్వని నిబంధన మన ఆరోగ్య బీమా పాలసీల్లో ఉంటుంది. మీ వివరమే ఆ మాటకు జవాబు. అయినా క్లెయిమ్ రాకపోవచ్చు. ఆ సంగతి కుటుంబానికి ముందే చెప్పించడం మర్యాద.

డెస్క్‌తో కూడా ఒక పద్ధతి పెట్టుకోండి. వాళ్లకు సందేహం ఉంటే కాగితం మీద అడగాలి. "ఈసీజీలో మార్పులున్నట్టు నర్సు నోట్‌లో ఉంది, మీ డయాగ్నసిస్‌లో లేదు, దయచేసి చూడండి" అని అడగవచ్చు. "ఫలానా జబ్బు రాయండి" అనకూడదు. నోటిమాట ఫోన్లు ఆగిపోతే సగం ఒత్తిడి అక్కడే తగ్గుతుంది.

ఆ యువరైతు విషయం దీనికంటే కష్టం. ఆ తండ్రి మాట చదివాక నాకూ చాలాసేపు ఇంకేం తోచలేదు.

పురుగుమందు విషయంలో ఐసీడీ-10 మిమ్మల్ని రెండింటిలో ఒకటి ఎంచుకోమని ఇరికించదు. పొరపాటుకు ఎక్స్48 ఉంది, కావాలని తాగితే ఎక్స్68 ఉంది, తేల్చడానికి సమాచారం చాలనప్పుడు వై18 ఉంది. ఎవరేం చెప్పారో వాళ్ల పేరునే రాయండి. "పొరపాటున తాగాడని తండ్రి చెప్పారు. రోగి మాట్లాడే స్థితిలో లేడు." ఇలా రాస్తే మీరు అబద్ధం రాయలేదు, తండ్రిని కాదన్నట్టూ కాలేదు. అప్పటికి వై18 న్యాయమైన కోడ్. మర్నాడు స్పృహ వచ్చి ఆ అబ్బాయే నిజం చెబితే దాన్ని రాయాలి, కోడ్ మారాలి. తెలిసిన నిజాన్ని దాచుకోవడానికి మాత్రం వై18ను వాడకూడదు. పోలీసులకు తెలియజేసే మెడికో లీగల్ పద్ధతి మీ ఆసుపత్రిలో ఎలాగూ ఉంటుంది. కోడ్ ఏదైనా అది మారదు. ఈ రెండింటినీ మీ పిల్ల డాక్టర్లు కలిపేసుకుని భయపడుతున్నారేమో, విడదీసి చెప్పండి.

ఆ తండ్రికి చెప్పాల్సింది కూడా ఉంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి, వేరుగా రుజువైతే తప్ప, తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, విచారించి శిక్షించకూడదు. అతనికి చికిత్స, ఆదరణ అందేలా చూడటం ప్రభుత్వ బాధ్యత అని అదే సెక్షన్ చెబుతుంది. చాలా కుటుంబాలు కొడుకును జైల్లో పెడతారన్న భయంతోనే పొరపాటు అంటాయి. ఆ భయం పోతే నిజం వాళ్లే చెబుతారు. 'పొరపాటు' అని రాసి పంపేస్తే మానసిక వైద్యుడిని ఎవరూ పిలవరు. ఆ అబ్బాయి అదే ఇంటికి, అదే అప్పుకు, అదే మందు డబ్బా దగ్గరికి తిరిగి వెళతాడు. డిశ్చార్జ్ కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబరు 14416 రాసి, మందు డబ్బాలు ఇంట్లో ఉంచవద్దని తండ్రితో విడిగా మాట్లాడండి. కుటుంబ పరువు గురించి ఆయన అడిగింది అన్యాయం కాదు. కేస్ షీట్ ఎవరి చేతిలో పడకూడదో ఆ జాగ్రత్త ఆసుపత్రి తీసుకోవాలి. అదీ మీరు యాజమాన్యాన్ని అడగాల్సిన విషయమే.

ఇప్పుడు సార్ దగ్గరికి వద్దాం. మీ ఉత్తరంలో సగం ఆయన గురించే ఉంది.

అందరి ముందూ అలా అనడం ఆయన చేసిన తప్పు. అది మీకు తగిలిన దెబ్బే, దాన్ని మీరు చిన్నది చేసుకోవాల్సిన పని లేదు. కానీ ఆయన మాటలో న్యాయం కూడా ఉంది. ప్రాణం మీదికి వచ్చిన మనిషి ఎదురుగా ఉన్నప్పుడు డాక్టరు కంప్యూటర్‌లో కోడ్ వెతుక్కుంటూ కూర్చోకూడదు. ఆ న్యాయాన్ని మీరు ఆయన నోటి నుంచి తీసుకుని యాజమాన్యం ముందు పెట్టండి. "మా హెడ్ చెప్పింది నిజం. డాక్టరు డయాగ్నసిస్ రాస్తారు, కోడ్ వేసేది శిక్షణ పొందిన మెడికల్ రికార్డ్స్ మనిషి. కోడ్ పడలేదని క్యాజువాలిటీలో బిల్లు ఆగకూడదు, పేషెంట్ కదలడం అసలే ఆగకూడదు." ఇది మీ మొదటి షరతు అయితే మీరు యాజమాన్యం మనిషా, ఆయన మనిషా అన్న ప్రశ్నే ఉండదు.

ఆయన్ని మీటింగ్‌లో కాదు, ఒంటరిగా కలవండి. డ్యూటీ మొదలయ్యే ముందు వెళ్లండి. మీరేమీ వాదించవద్దు. జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఆసుపత్రిలో చనిపోయినవారికి రాసే ఫారం 4 ఆయన ఇన్నేళ్లలో ఎన్ని రాసి ఉంటారో మీకు తెలుసు. 'కార్డియాక్ అరెస్ట్' మరణకారణం కాదు, దాని వెనక ఉన్న జబ్బు రాయాలి అని మీకు నేర్పింది బహుశా ఆయనే అయి ఉంటుంది. మరణకారణాల లెక్క అంతా ఐసీడీ మీదే నడుస్తుంది. ఇప్పుడు మీరు అడుగుతున్నది బతికి ఉన్నవాళ్ల విషయంలో అదే శ్రద్ధ. "సార్, ఈ ముప్పై నలభై జబ్బులకు ఏ వివరాలు తప్పనిసరిగా రాయాలో మీరు దిద్దిపెట్టండి, పిల్లలకు మీ మాటగా చెబుతాను" అని కాగితం ఆయన చేతికివ్వండి. ఆయన దిద్దితే ఆ కాగితం మీది కాదు, విభాగానిది అవుతుంది. రాత్రి డ్యూటీ కుర్రాళ్లు కూడా దాన్ని పక్కన పడేయరు.

దిద్దకపోవచ్చు. కాగితం తిరిగి ఇచ్చేయవచ్చు. అప్పుడు కూడా ఆయన కేస్ షీట్ల వెంటపడకండి, వాటి గురించి ఎవరికీ పితూరీ చేయకండి. ఆయన రాసినదాంట్లో వివరం చాలకపోతే కోడరు ఆయన్నే అడుగుతాడు, ఇచ్చేదీ మానేదీ ఆయనకూ యాజమాన్యానికీ మధ్య ఉంటుంది. హెడ్‌ను సరిదిద్దడం మీకు అప్పగించిన పనిలో లేదు, ఉన్నా తీసుకోకూడదు. ఆ మీటింగ్ మాట గురించి మీ బాధ చెప్పాలనిపిస్తే చెప్పండి, "అందరి ముందూ అన్నారు సార్, బాధేసింది" అని. ఏడేళ్లో పదేళ్లో పక్కన నిలబడి పనిచేసిన మనిషి దగ్గర ఆ మాత్రం చనువు ఉంటుంది.

ఇక మీరడిగిన మూడు దారులు. ఈ బాధ్యత వద్దని చెప్పవచ్చు. ఉద్యోగం పోకపోవచ్చు, సార్ సంతోషిస్తారు. కానీ గడువు ఆగదు. అది ఇన్సూరెన్స్ డెస్క్ చేతికో, క్యాజువాలిటీ ముఖం చూడని ఎవరో మేనేజర్ చేతికో వెళుతుంది. అప్పుడు గుండెపోటు అని మార్చమనే ఫోన్లు ఇంకా పెరుగుతాయి. ఇప్పుడు చెప్పినట్టే ఒప్పుకుంటే, జీతం లేకుండా, సమయం లేకుండా, తప్పు జరిగిన ప్రతిసారీ మీ పేరే వినిపిస్తుంది. మీ భర్త కోపం దీని మీదే అయితే ఆయన కోపం సరైనదే.

మానేసి నెల్లూరో చెన్నైయో వెళ్లడం కూడా దారే. మంచి జీతం, కొత్త చోటు, పిల్లలకు మంచి చదువు కావాలనిపిస్తే వెళ్లండి. కానీ కోడ్ల నుంచి తప్పించుకోవడానికైతే వద్దు, అక్కడా ఇవే ఉంటాయి. ఐసీడీ-11ను ప్రపంచ ఆరోగ్య సభ 2019 మేలో ఆమోదించింది, 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. దేశాలు ఒకటొకటిగా మారుతున్నాయి. పక్షవాతం అందులో రక్తప్రసరణ జబ్బుల నుంచి నాడీవ్యవస్థ జబ్బుల్లోకి మారింది, కోడ్ల రూపం మారింది, ఒక జబ్బుకు రెండు మూడు కోడ్లు జతచేసి వివరం చెప్పే పద్ధతి వచ్చింది. వాక్యం బాగా రాసే డాక్టరుకు మాత్రం ఇవేవీ భారం కావు. మారేది కోడరు ముందున్న పట్టిక.

మిగిలింది షరతులతో ఒప్పుకోవడం. నాకు ఇదే నయమనిపిస్తోంది, కానీ షరతులు నిజంగా ఒప్పుకుంటేనే. ఒక పేజీ ఉత్తరం రాయండి. ఏ ఐసీడీ-10 పెడుతున్నారో చెప్పాలి. శిక్షణ పొందిన కోడరును తీసుకోవాలి, లేదా రికార్డ్స్ విభాగంలో ఒకరికి శిక్షణ ఇప్పించాలి. శిక్షణ జరిగే కాలంలో మీకు వారానికి ఒక డ్యూటీ తగ్గించాలి. మొదటి ఆరు నెలలు కోడ్ సూక్ష్మంగా లేదని డాక్టర్లను ఎవరూ సంజాయిషీ అడగకూడదు. డయాగ్నసిస్ మార్చమనే హక్కు డెస్క్‌కు లేదని లిఖితంగా ఇవ్వాలి. కేస్ షీట్లు ఎవరు చూడవచ్చో నియమం పెట్టాలి. గడువు, డ్యూటీల దగ్గర బేరం జరిగితే జరగనివ్వండి, కొంత తగ్గినా సర్దుకోవచ్చు. కోడరు విషయంలో, డయాగ్నసిస్ మార్చే విషయంలో కాదంటే మాత్రం ఈ పని తీసుకోవద్దనే నేను చెబుతాను. అప్పుడు వద్దని చెప్పడానికి మీ దగ్గర కారణం కాగితం మీద ఉంటుంది, సార్ కోసం వెనక్కి తగ్గారని ఎవరూ అనలేరు.

ఉత్తరం ఇచ్చే ముందు మీవారికి చూపించండి. ఏ జవాబు వస్తే ఉండాలో, ఏది వస్తే వేరే ఉద్యోగం చూసుకోవాలో ఇద్దరూ ముందే అనుకుంటే రోజూ రాత్రి ఇంట్లో అదే మాట నలగదు. యాజమాన్యానికి రెండు వారాల సమయం ఇవ్వండి. సార్‌ను కలవడానికి మాత్రం ఆ జవాబు కోసం ఆగవద్దు, ఉత్తరం ఆయన చూశాకే లోపలికి వెళ్లాలి.